చదివింది గుర్తుండాలంటే లోతుగా చదవడం ఎలా: స్టెప్ బై స్టెప్

గ్రూప్-2 మొదటిసారి రాసినప్పుడు పాలిటీ పుస్తకం ఐదుసార్లు పూర్తి చేసి వెళ్ళానండి. హాల్లో కూర్చుని ప్రశ్న చూస్తే నాలుగు ఆప్షన్లూ తెలిసినవే, అన్నీ ఎక్కడో చదివినట్టే ఉన్నాయి, ఏది కరెక్టో మాత్రం తేల్చుకోలేకపోయాను. ఆ పేజీ ఎడమవైపు ఉంటుందని, పసుపు రంగు హైలైటర్ పెట్టానని కూడా గుర్తుంది, దాంట్లో ఏముందో గుర్తులేదు. బయటికొచ్చాక జ్ఞాపకశక్తి తక్కువేమో అని చాలా బాధపడ్డా. ఇప్పుడు మా చెల్లి ప్రిపేర్ అవుతోంది, మొన్న అదే మాట అంది, "అక్కా, నిన్న చదివిందే ఇవాళ కొత్తగా కనబడుతోందే" అని. దానికి కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడ పూర్తిగా రాస్తున్నా, ఎందుకంటే ఇది తెలివి తక్కువై వచ్చే సమస్య కాదు, చదివేటప్పుడు మెదడుతో మనం చేయిస్తున్న పని తప్పు.

ముందు అసలు విషయం అర్థం చేస్కోండి

1972లో ఫెర్గస్ క్రెయిక్, రాబర్ట్ లాక్‌హార్ట్ అని టొరంటో యూనివర్సిటీ సైకాలజిస్టులు ఇద్దరు ఒక పేపర్ రాశారు. అప్పటిదాకా జ్ఞాపకం అంటే గదుల్లాగా ఊహించేవాళ్ళు, కాసేపు ఉండే గది ఒకటి, ఎప్పటికీ ఉండే గది ఒకటి, ఒకే మాట పదేపదే అనుకుంటూ ఉంటే మొదటి గదిలోంచి రెండో గదిలోకి వెళ్తుంది అని. వీళ్ళు ఏమన్నారంటే, గదుల సంగతి పక్కన పెట్టండి, ఒక విషయం ఎదురైనప్పుడు మెదడు దానిమీద ఏ పని చేసిందో ఆ పని వదిలిన గుర్తే జ్ఞాపకం అన్నారు. అక్షరాల ఆకారం మాత్రమే చూస్తే పైపై పని, శబ్దం చూస్తే ఇంకాస్త లోపలికి, అర్థం పట్టుకుని మనకి తెలిసినవాటితో కలిపితే లోతు పని. లోతు పెరిగేకొద్దీ గుర్తు గట్టిగా ఉంటుంది.

1975లో క్రెయిక్, ఎండెల్ టల్వింగ్ కలిసి దీన్ని వరసగా పది ప్రయోగాలతో పరీక్షించారు. ఒక్కో పదానికి ముందు ఒక ప్రశ్న, పదం పెద్ద అక్షరాల్లో ఉందా అని కొన్నిటికి, ఫలానా పదంతో ప్రాస కలుస్తుందా అని కొన్నిటికి, ఈ వాక్యంలో ఖాళీకి సరిపోతుందా అని కొన్నిటికి. తర్వాత గుర్తున్నాయా అని చూస్తే వాక్యంలో పెట్టి చూసిన పదాలే చాలా ఎక్కువ గుర్తున్నాయి, ఆకారం చూసినవి తక్కువ. నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. అందులోనే ఒక ప్రయోగంలో పైపై పనిని కావాలని కష్టం చేశారు, పదంలో అచ్చులు హల్లులు ఏ వరసలో వచ్చాయో చెప్పాలి, దానికి టైమ్ కూడా ఎక్కువ పట్టింది. అయినా గుర్తుంది మాత్రం అర్థం చూసినవే. అంటే ఎంతసేపు చూశాం, ఎంత కష్టపడ్డాం అన్నది లెక్కలోకి రాలేదు, ఏ రకం పని చేశాం అన్నదే లెక్క. "రోజుకి 14 గంటలు చదువుతున్నా" అని చెప్పుకునే వాళ్ళు ఈ ఒక్క విషయం కాసేపు ఆలోచించాలని నా కోరిక.

ఇంకో విషయం, గుర్తుపెట్టుకోవాలనే పట్టుదల కూడా సరిపోదు. హైడ్, జెంకిన్స్ అనే వాళ్ళు 1969లో చేసిన ప్రయోగంలో, పరీక్ష ఉంటుందని చెప్పకుండానే కొంతమందిని పదం వింటే హాయిగా అనిపిస్తుందా లేదా అని రేటింగ్ ఇవ్వమన్నారు, అలా ఇచ్చిన వాళ్ళకి, బట్టీ పట్టమని చెప్పిన వాళ్ళతో దాదాపు సమానంగా పదాలు గుర్తున్నాయి. అక్షరాలు లెక్కపెట్టిన వాళ్ళకి మాత్రం తక్కువే.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. లోతు అంటే ఎంత అని కొలిచే స్కేలు లేదు. 1978లో అలన్ బాడ్లీ అనే ఆయన ఇదే పట్టుకుని విమర్శించాడు, గుర్తుంటే లోతు అంటారు, లోతు కాబట్టి గుర్తుంది అంటారు, ఇది గుండ్రంగా తిరిగే వాదన అని. ఆ విమర్శలో న్యాయం ఉంది. కానీ మనకి కావాల్సింది చదివే పద్ధతి, దానివరకు ఈ ఆలోచన బాగా పనిచేస్తుంది.

స్టెప్ 1: మీ మీదే ఒక చిన్న టెస్ట్ చేస్కోండి

నేను చెప్తే నమ్మక్కర్లేదు, ఇంట్లో ఎవరినైనా పదిహేను నిమిషాలు కూర్చోబెట్టుకోండి. వాళ్ళని 18 మామూలు పదాలు రాయమనండి, మీకు ముందే చూపించొద్దు. ఆరు పదాలకి "ఇందులో ఒత్తు ఉందా" అని అడగాలి, నిచ్చెన, సంచి ఇలాంటివి. ఆరింటికి ప్రాస, "అడుగుతో కలుస్తుందా" అని అడిగి గొడుగు చూపించాలి. మిగతా ఆరింటికి వాక్యం, "పెళ్ళికి ఇంటిముందు వేసేది" అని చెప్పి పందిరి చూపించాలి. మూడు రకాలూ కలిపేసి అడగాలి, ఒకే రకం వరసగా అడగొద్దు. మీరు అవును కాదు అని చెప్పుకుంటూ పోండి. తర్వాత లేచి టీ పెట్టుకోండి, పది నిమిషాలు వేరే పని చేయండి, వచ్చి గుర్తున్న పదాలన్నీ కాగితం మీద రాయండి.

మా చెల్లికి చేసినప్పుడు ఒత్తు పదాల్లో ఒక్కటి గుర్తొచ్చింది, వాక్యం పదాల్లో ఐదు వచ్చాయి. ఆ రోజునుంచి హైలైటర్ ముట్టలేదు. మీకు అచ్చం అలాగే రావాలని లేదు, తేడా మాత్రం కనబడుతుంది.

స్టెప్ 2: మీరిప్పుడు చేసే పనుల్ని వేరు చేయండి

నిన్న చదివేటప్పుడు చేసినవన్నీ రాస్కోండి. అండర్‌లైన్ చేయడం, పుస్తకంలో ఉన్న వాక్యాన్నే అందమైన చేతిరాతతో నోట్సులోకి ఎక్కించడం, వీడియోని రెండింతల స్పీడులో చూడటం, మళ్ళీ మళ్ళీ చదవడం, ఇవన్నీ కళ్ళు, చెయ్యి చేసే పనులు. అర్థం జోలికి వెళ్ళకుండానే పూర్తి చేసేయొచ్చు. మళ్ళీ చదివేటప్పుడు పేజీ సాఫీగా వెళ్ళిపోతుంది కదా, ఆ సాఫీతనాన్నే మనం "వచ్చేసింది" అనుకుంటాం, నేను మోసపోయింది సరిగ్గా ఇక్కడే. అది ముఖం గుర్తుపట్టడం లాంటిది, పేరు చెప్పమంటే రాదు.

వీటిని పూర్తిగా మానేయమని కాదు, చదువు మొత్తం ఇవే అయిపోతే కష్టం.

స్టెప్ 3: పేరా అయ్యాక పుస్తకం మూసి ఇంటి భాషలో చెప్పండి

ఇంటి భాష అని ఎందుకంటున్నానంటే, పుస్తకం భాషలోనే చెప్తే అర్థం కాకపోయినా చెప్పేయొచ్చు. "రాజ్యాంగ పరిహారపు హక్కు" అని గడగడా అనేయొచ్చు. అదే మా అమ్మకి చెప్పాలంటే, "నీ ప్రాథమిక హక్కుని గవర్నమెంటు లాగేసుకుంటే కింద కోర్టుల చుట్టూ తిరక్కుండా నేరుగా సుప్రీంకోర్టుకే పోవచ్చమ్మా, అలా పోవడం కూడా ఒక హక్కే" అని చెప్పాలి. ఇలా చెప్పడానికి అర్థం పట్టుకోక తప్పదు. అంబేడ్కర్ ఆర్టికల్ 32 ని రాజ్యాంగానికి ఆత్మ, హృదయం అని ఎందుకన్నారో కూడా అలా చెప్పాకే నాకు తెలిసొచ్చింది, మిగతా హక్కులన్నీ కాగితం మీద మిగిలిపోకుండా కాపాడేది ఇదే కదా.

సొంతంగా తయారుచేసుకున్న మాట చదివిన మాటకంటే బాగా నిలుస్తుందని 1978లో స్లామెకా, గ్రాఫ్ అనే ఇద్దరు చూపించారు. నాకు దీనికి మన అవధానం గుర్తొస్తుంది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్ళు, మధ్యమధ్యలో అడ్డం పడుతుంటే, అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన మాటల్లో పెట్టి దృష్టి మళ్ళిస్తుంటే, అవధాని ఒక్కో పద్యం ఒక్కో పాదంగా చెప్పుకుంటూ పోయి చివర్లో ధారణ అని అన్నీ వరసగా అప్పజెప్పేస్తారు. దాని వెనక ఏళ్ళ సాధన ఉంది, కాదనను. కానీ ఆ పద్యాలు ఎవరో ఇచ్చినవి కాదు, భావం, యతి, ప్రాస అన్నీ ఆయనే ఆలోచించి కట్టుకున్నవి, అందుకే పట్టు అంత ఉంటుందని నాకనిపిస్తుంది.

స్టెప్ 4: "ఎందుకు" అని అడగండి, ఇది అన్నిటికంటే ముఖ్యం

టైమ్ తక్కువుంటే మిగతావి వదిలేసి ఇదొక్కటి చేయండి.

మాది కర్నూలు, అందుకే మా ఊరి ఉదాహరణే తీసుకుంటా. పుస్తకంలో మూడు వాక్యాలుంటాయి: 1937 నవంబర్ 16న శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఏర్పడింది. 1954లో గుంటూరులో హైకోర్టు వచ్చింది. వీటిని మూడు బిట్లుగా బట్టీ పడితే వారంలో పోతాయి, నాకు పోయాయి.

ఇప్పుడు అడగండి. శ్రీబాగ్ అని పేరెందుకు? మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంటి పేరది, అక్కడ కూర్చుని రాసుకున్నారు. అసలు ఒడంబడిక ఎందుకు? ఆంధ్ర రాష్ట్రం వస్తే కోస్తా వాళ్ళ కింద పడిపోతామేమో అని రాయలసీమ నాయకులకి భయం, వాళ్ళకి భరోసా ఇవ్వకపోతే ఉద్యమం కలిసి నడవదు. మరి భరోసా ఏంటి? నీళ్ళు, సీట్లు, యూనివర్సిటీ ఇలాంటివాటితో పాటు రాజధాని, హైకోర్టు రెండిట్లో ఒకటి సీమకి, ఏది కావాలో కోరుకునేది సీమవాళ్ళే. సరే, రాజధాని కర్నూలుకి వచ్చింది, మరి హైకోర్టు ఎక్కడుండాలి? ఇంకోవైపు ఉండాలి, అందుకే గుంటూరు. చూడండి, ఇప్పుడు గుంటూరు విడిగా గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు, మొదటిది తెలిస్తే రెండోది దానంతటదే వస్తుంది. మద్రాసు పోయాక ఊళ్ళో బిల్డింగులు చాలక గుడారాల్లో ఆఫీసులు నడిపారని మా తాత చెప్పేవాడు, ఆ గుడారాల బొమ్మ కళ్ళముందుకి వస్తే 1953 కూడా దాంతోనే వస్తుంది నాకు.

ఇంకోటి, 44వ రాజ్యాంగ సవరణ, 1978. లిస్టుగా చూస్తే పరమ బోరు. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ పెట్టారు, దానికి చూపిన కారణం ఆంతరంగిక అల్లర్లు, కేబినెట్‌కి తెలిసింది మర్నాడు పొద్దున. ఈ రెండు ముక్కలు పట్టుకోండి. ఆ దెబ్బ తిన్నాక వచ్చిన సవరణలో ఏముంటుంది? అల్లర్లు అనే మాట తీసేసి సాయుధ తిరుగుబాటు అని పెడతారు, కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా ఉంటేనే రాష్ట్రపతి ప్రకటించాలంటారు. ఎమర్జెన్సీలో జీవించే హక్కు కూడా పక్కకి పోయింది కదా, అందుకే 20, 21 ఆర్టికల్స్‌ని ఇకమీద సస్పెండ్ చేయకూడదంటారు. ప్రతి పాయింటూ ఒక గాయానికి వేసిన కట్టు. అలా చదివాక ఈ సవరణ నేను మళ్ళీ చదవలేదు, అవసరం రాలేదు.

చేసే విధానం ఏంటంటే, పేజీకి కనీసం రెండు ఎందుకులు మార్జిన్లో రాయండి, జవాబు ముందు మీరే ఊహించండి, తర్వాతే వెతకండి. ఊహ తప్పయినా నష్టం లేదు, కరెక్టు జవాబు దొరికాక దాన్ని సరిచేస్కోవడం మర్చిపోకండి అంతే.

స్టెప్ 5: మీతో ముడిపెట్టండి

1977లో రోజర్స్, కైపర్, కర్కర్ అనే ముగ్గురు క్రెయిక్ పద్ధతికే ఇంకో ప్రశ్న జోడించారు, ఈ పదం నీకు వర్తిస్తుందా అని. అర్థం అడిగిన పదాలకంటే కూడా ఇవే ఎక్కువ గుర్తున్నాయి. మన గురించి మనకి తెలిసినంత ఇంకేదీ తెలీదు కదా, ముడి వేయడానికి బోలెడన్ని కొక్కేలు ఉంటాయి.

371-డి అంటే ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికులకి అవకాశాలు కల్పించే ఆర్టికల్, కానీ చాలామంది నంబర్ మాత్రమే బట్టీ పడతారు. స్థానికత కోసం స్టడీ సర్టిఫికెట్లు పట్టుకుని చదివిన స్కూళ్ళ చుట్టూ తిరిగిన రోజు గుర్తుచేస్కోండి, ఆ తిరుగుడికి మూలం ఇదే. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర, 1973 ఆరు సూత్రాల పథకం, దాన్ని అమలుచేయడానికి 32వ సవరణ, దాంతో 371-డి. మీ చేతిలో ఉన్న సర్టిఫికెట్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిస్తే ఈ వరస మొత్తం వస్తుంది.

స్టెప్ 6: పక్కపక్కనున్న వాటి తేడా తేల్చుకోండి

హాల్లో పోయే మార్కుల్లో ఎక్కువ భాగం తెలియక పోయేవి కాదు, కలిసిపోయి పోయేవి. ఆర్టికల్ 32, 226 రెండూ రిట్లే, అంటే హక్కుల్ని కాపాడటానికి కోర్టు ఇచ్చే ఆదేశాలకి సంబంధించినవే. మరి తేడా? 32 సుప్రీంకోర్టుది, ప్రాథమిక హక్కులకే పరిమితం. 226 హైకోర్టుది, ప్రాథమిక హక్కులతో పాటు మామూలు చట్టబద్ధమైన హక్కులకి కూడా వాడొచ్చు. అంటే ఈ ఒక్క విషయంలో హైకోర్టు పరిధే పెద్దది. ఇలా ఆశ్చర్యం కలిగించే తేడా దొరికితే అది పోదు. మూడు రకాల ఎమర్జెన్సీల ఆర్టికల్స్ 352, 356, 360 కూడా ఇలాగే పక్కపక్కన పెట్టి చూడండి, విడిగా ఒక్కొక్కటీ ఎంత బాగా చదివినా కలిసిపోతాయి.

స్టెప్ 7: లోతుగా పెట్టినదాన్ని బయటికి తీయడం ప్రాక్టీస్ చేయండి

లోతుగా చదివితే చాలు ఇక రివిజన్ అక్కర్లేదనుకోవద్దు. 2006లో రోడిగర్, కార్పికే ఒక పాఠం ఇచ్చి కొందరిని మళ్ళీ చదవమన్నారు, కొందరిని చూడకుండా గుర్తున్నంత రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు, 81 శాతం, రెండో వాళ్ళు 75. వారం తర్వాత పెడితే తిరగబడింది, మళ్ళీ చదివినవాళ్ళు 42, చూడకుండా రాసినవాళ్ళు 56. ఎగ్జామ్ ఐదు నిమిషాల తర్వాత ఉండదు కాబట్టి మనకి కావాల్సింది రెండో లెక్క.

నేను పాటించేది: చదివిన రాత్రి తెల్ల కాగితం మీద చూడకుండా రాయడం, మళ్ళీ రెండో రోజు, వారం తర్వాత, నెల తర్వాత. రాసేటప్పుడు ఇరుక్కుంటే వెంటనే పుస్తకం తెరవొద్దు, ఒక నిమిషం కుస్తీ పట్టండి. ఆ తర్వాత తెరిచి, తప్పుల్ని వేరే రంగు పెన్నుతో దిద్దండి. కష్టంగా, చిరాగ్గా ఉంటుంది, మళ్ళీ చదవడమే సుఖం, కానీ చేయండి.

స్టెప్ 8: పరీక్ష ఎలా అడుగుతుందో అలా చదవండి

లోతే ఎప్పుడూ గెలుస్తుందని కూడా కాదు. 1977లో మోరిస్, బ్రాన్స్‌ఫోర్డ్, ఫ్రాంక్స్ చేసిన ప్రయోగంలో చివరి పరీక్షే ప్రాస మీద పెట్టారు, అప్పుడు ప్రాస చూసినవాళ్ళే బాగా చేశారు. అంటే ఎలా బయటికి తీయాలో అలాగే లోపల పెట్టాలి. పద్యం అప్పజెప్పాలంటే గొంతెత్తి చదవాల్సిందే, నాలుగు పాదాల్లో రెండో అక్షరంలో హల్లు ఒకటే ఉండాలనే ప్రాస నియమమే తర్వాతి పాదానికి దారి చూపిస్తుంది. వేదం ఘనపాఠంలో 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 అని మాటల్ని ముందుకీ వెనక్కీ తిప్పుతూ చెప్తారు, అక్కడ శబ్దం ఒక్క పిసరు మారకుండా ఉండటమే లక్ష్యం కాబట్టి శబ్దం మీదే అంత పని. చిన్నపిల్లల ఎక్కాలూ అంతే, ఏడెనిమిదులు అనగానే నోటికి రావాలి. కాబట్టి "బట్టీ పట్టడం తప్పు" అని పిల్లల్ని తిట్టకండి, ఏది బట్టీ పట్టాలో ఏది పట్టకూడదో వేరు చేసి చెప్పండి.

గ్రూప్-1 మెయిన్స్ అయితే "ఎందుకు" అనే ప్రశ్నల వరసలు రాసి ప్రాక్టీస్ చేయాలి, గ్రూప్-2 అయితే వరసతో పాటు తేడాల మీద బిట్లు. వట్టి అంకెలకి, షెడ్యూళ్ళకి మాత్రం ఏ కథా దొరకదు కొన్నిసార్లు, వాటిని కార్డుల మీద రాసి రోజూ పొద్దున ఐదు నిమిషాలు నోటితో అనేయండి, అక్కడ లోతు వెతుక్కుంటూ గంటలు పోగొట్టొద్దు.

టైమ్ సరిపోతుందా అంటే

మొదట్లో సరిపోదు. గంటకి 20 పేజీలు చదివేదాన్ని ఏడెనిమిది పేజీలకి పడిపోయాను, పక్కవాళ్ళు సిలబస్ పూర్తి చేసేస్తుంటే గుండెలో దడ. ఆ మొదటి మూడు వారాలు ఓర్చుకోండి. తర్వాత కొత్తగా చదివేది పాతదానితో ముడిపడటం మొదలవుతుంది, స్పీడు దానంతటదే వస్తుంది, పైగా అదే పుస్తకం ఐదుసార్లు చదివే పని తప్పుతుంది. మొత్తం సిలబస్ ఒకేసారి ఇలా మార్చకండి, ఒక సబ్జెక్టులో ఒక చాప్టర్‌తో మొదలుపెట్టండి, నిద్ర వస్తున్నప్పుడు ఎందుకులు అడగడానికి ప్రయత్నించకండి, అది పొద్దుటి పని.

మా చెల్లి ఇప్పుడు రాత్రి అన్నం తిన్నాక అమ్మకి ఒక టాపిక్ చెప్తోంది, అమ్మ మధ్యలో ఆపి "అదెందుకట్లా చేసినారు?" అని అడుగుతుంది, దానికి జవాబు తెలియని రోజు లేచి వెళ్ళి పుస్తకం తీస్తుంది. నిన్న అడిగింది గవర్నర్‌ని ఎన్నుకోకుండా ఎందుకు పంపిస్తారని, పదకొండింటిదాకా ఇద్దరూ దానిమీదే ఉన్నారు.